చిరిగిన పన్నెండు పేజీలు

మార్కాపురంలో మొదటి ఆట పదకొండుకైతే
మేం తొమ్మిదికే గేటు కాడ ఉన్నాం.
మేమంటే
పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే మస్తాన్‌బీ,
పొదిలి బస్సు కండక్టరు మలకొండయ్య,
కంభంలో పని ఎగ్గొట్టి వచ్చిన ఏసురత్నం,
నేను.
నలుగురి వయసూ కూడితే నూట ఎనభై దాటుద్ది.
లైన్లో పిల్లకాయలు మమ్మల్ని చూసి
ఎవురి కోసమో వెతుక్కుంటా వచ్చారనుకున్నారు.

వాళ్ళకేం తెలుసు.
బస్టాండు పక్కన తిరుపతయ్య అద్దె పుస్తకాల కొట్లో
రోజుకు అర్ధరూపాయిస్తే
పదకొండు తాళాల కోటలోకి దారి ఉండేది.
తాళానికొక పుస్తకం.
అట్టలకు మైదా వాసన, మూలల్లో ఆవకాయ మరక,
అంచున ఎవరిదో పెన్సిలు రాత:
"ఏడవబాక, బతుకుతాడు."

నాలుగో భాగంలో మాత్రం
నూట ఎనభై ఆరు తర్వాత నూట తొంభై తొమ్మిది.
తాడు వంతెన మీద తారావళి నిలబడి ఉంటుంది,
తాడు పురి విప్పుకుంటూ ఉంటుంది,
పేజీ తిప్పితే
అన్న చేతిలో ఆమె గాజు.
దాని గురించి ఎవరూ మాట్లాడరు.

తిరుపతయ్యను అడిగితే
"శనక్కాయల పొట్లాలకు పోయుంటాయి లేరా,
పది పైసలు తగ్గించి ఇయ్యి" అన్నాడు.

ఆ పన్నెండు పేజీలూ మేమే రాసుకున్నాం, నోటితో.
మస్తాన్‌బీ ఆ పిల్లను ఉడుము వీపు మీదికి దించింది.
తాడు తనే కోసుకుందన్నాడు ఏసురత్నం,
వారం రోజులు వాడితో ఎవరం మాట్లాడలా.
నేను రోజుకొకటి మార్చాను.
మలకొండయ్య చెప్పలేదు.
"నాకు తెలుసు" అనేవాడు, అంతే.
తర్వాతెప్పుడో కూతురు పుడితే
తారావళి అని పేరు పెట్టాడు.

తెర మీద కోట లేచింది. ఈలలు, కాయితం ముక్కలు.
మొదటి తాళం ఊడినప్పుడు
మస్తాన్‌బీ నా మోచెయ్యి గిల్లింది.
ఆ తర్వాత ఉడుము వచ్చింది,
గోడకు అతుక్కుంటే ఏనుగులు లాగినా ఊడని ఉడుము,
పుస్తకంలో పలక రంగుది.

తడిస్తే నలుపు, ఆరితే బూడిద,
ఏటవాలు ఎండలో లోపల్నుంచి కాస్త ఊదా.
ముప్పై ఏళ్ళు ఆ దుమ్ము మింగిన మనిషి
సీట్లోంచి లేచి అరిచింది:
"పచ్చగా చేశార్రా! ముళ్ళు గూడా పెట్టారు!"
ముందు వరస పిల్లోడు వెనక్కి తిరిగి
"అది డ్రాగన్ ఆంటీ" అన్నాడు.
"నీ మొహం. అది ఉడుము."

ఏసురత్నం టికెట్టు వెనక లెక్క రాస్తున్నాడు,
ఆరో తాళం లేదు, గుడ్డి వంటవాడు లేడు,
లేని బావమరిది ఒకడు వచ్చి జోకులేస్తున్నాడు.
రాస్తానే, పాట వస్తే కాలు ఊపుతున్నాడు.

ఇక వంతెన.
గాలి, తాడు, ఆ పిల్ల పాదం.
మలకొండయ్య లేచాడు.
"సోడా తాగొస్తా."
"ఇప్పుడా?"
సీటు టప్పున మడుచుకుంది.

నేను చూశాను.
నేను అల్లిన అన్నిటికంటే బాగుంది.
కోపం అందుకే వచ్చిందేమో.
హాలంతా ఏడుస్తుంటే
నా రోజుకొకటి, నా ముప్పై వంతెనలు
ఒక్కొక్కటే కిందికి పోతున్నాయి.

బయట ఎండ కొట్టి చంపుతోంది.
బండి కాడ నాలుగు సోడాలు కొట్టించి పెట్టాడు,
గ్యాసంతా పోయి చప్పబడ్డాయి.
మా మొహాలు చూడకుండా,
"గాజు చూపించారా?" అన్నాడు.

ఏసురత్నం నోరు తెరిచాడు.
మస్తాన్‌బీ వాడి కాలు తొక్కింది.
"అక్కడ రీలు తెగింది మలకొండయ్యా,
మళ్ళీ నూట తొంభై తొమ్మిదో పేజీ కాణ్ణుంచే వేశారు."

ఇప్పుడు రీళ్ళెక్కడున్నాయి?
ఆ సంగతి అతనికీ తెలుసు.
తలూపి, జేబులో చిల్లర తీసి
ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి
సోడా అబ్బాయి చేతిలో పెట్టాడు.